మే నెలలో పిల్లలతో నడవడానికి చల్లటి దేశం ఏది? చెన్నై నుంచి నలుగురం

కొళత్తూరు కోడలు

అందరికీ నమస్కారం. మాది చెన్నై, కొళత్తూరు. నేను, మావారు, పదమూడేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి. వచ్చే మే మధ్యలో పది రోజులు దేశం దాటి ఎక్కడికైనా చల్లటి చోటికి వెళ్లాలని రెండేళ్లుగా డబ్బు దాచుకుంటున్నాం. మా ఇంట్లో ఎవరికీ ఇంతకుముందు పాస్‌పోర్టు లేదు. ఇంత కష్టపడి దాచింది తప్పు చోట ఖర్చుపెడతామేమోనని టెన్షన్‌గా ఉంది.

మేం ఎలాంటివాళ్లమో చెబితే మీకు సలహా ఇవ్వడం తేలిక. మేం నడిచేవాళ్లం. ఏడాదికి రెండుసార్లు అలిపిరి నుంచి కొండెక్కుతాం, 3,550 మెట్లూ. మొన్న జనవరిలో ఒక పెద్దావిడ మెట్టు మెట్టుకీ పసుపు రాసి బొట్టు పెడుతూ ఎక్కుతుంటే, మావాడు ఆవిడ కుంకుమ భరిణె పట్టుకుని వంద మెట్ల దాకా పక్కనే నడిచాడు. పైకి చేరేసరికి వాడి వేళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి, కాళ్లు నొప్పి అన్న మాట మాత్రం లేదు. చలికాలంలో నాగలాపురం జలపాతాలకు వెళ్తాం. అమ్మాయి ఆదివారాలు వాళ్ల నాన్నతో రెడ్‌హిల్స్ దాకా సైకిల్ తొక్కుతుంది.

అలాంటి పిల్లలు మే నెలంతా తలుపులు మూసుకుని ఏసీ గదిలో ఫోన్లతో కూర్చుంటున్నారు. కత్తిరి ఎండలు మొదలయ్యాయంటే సాయంత్రం ఆరింటికి కూడా మేడ మీద గచ్చు కాలుతూనే ఉంటుంది. వాళ్లనలా చూస్తుంటే నాకు మనసు మనసులో ఉండదు. పోయినేడు కొడైకెనాల్ వెళ్లాం. ఈ-పాస్ తీసుకుని తెల్లవారకముందే బయల్దేరినా ఘాట్ రోడ్డు మీద కార్ల వెనక కారుగా నాలుగు గంటలు నిలబడ్డాం. మూడు రోజుల్లో పిల్లలు నడిచింది మొత్తం కలిపి ఒక గంట ఉంటుందేమో.

మాకు కావలసింది ఇది. పగలు 12 నుంచి 20 డిగ్రీల లోపు ఉండాలి. రోజూ మూడు నాలుగు గంటలు నడవాలి, వీలైతే ఒక రోజు సైకిల్. ఒక ఊళ్లో కనీసం మూడు రాత్రులు ఉండాలి. గుడ్డు తింటాం, చేప, మాంసం తినం. ట్రావెల్స్ ఆయన స్విట్జర్లాండ్ ప్యాకేజీ చూపించారు, ఎనిమిది రోజుల్లో ఆరు ఊళ్లు, బస్సు దిగడం ఫొటో తీసుకోవడం ఎక్కడం. వద్దనేశాం. మావారు న్యూజిలాండ్ అంటారు, అమ్మాయి జపాన్ అంటుంది, నాకేమో స్విట్జర్లాండే సొంతంగా వెళ్తే బాగుంటుందనిపిస్తుంది. మే నెలలోనే పిల్లలతో వెళ్లి వచ్చినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.


అడయారు నాన్న

మీ ప్రశ్నలో అన్నిటికన్నా బరువైన మాట "మే". ముందు నెల, ఆ తర్వాతే దేశం. ఇది నాకు అక్కడికి వెళ్లాక గానీ తెలియలేదు, అందుకే మీకు వివరంగా రాస్తున్నాను.

రెండేళ్ల కిందట మేం సరిగ్గా మే రెండో వారంలో స్విట్జర్లాండ్ వెళ్లాం. మా పెద్దవాడికి పన్నెండు, చిన్నవాడికి ఎనిమిది. ఆరు నెలలు రాత్రిళ్లు మ్యాపులు చూసి నేను ఒక నడకదారి ఎంచుకున్నాను. మేన్లిషెన్ అనే కొండ మీద నుంచి క్లైన షైడెగ్ అనే చోటికి వెళ్లే బాట అది. నాలుగున్నర కిలోమీటర్లు, పెద్దగా ఎక్కుడూ దిగుడూ లేదు, దారంతా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ మూడు శిఖరాలూ ఎదురుగా ఉంటాయి. పిల్లలకు ఇంతకన్నా మంచి నడక లేదని ఎక్కడ చూసినా రాశారు. నిజమే, జూన్ చివర వెళ్తే. మా చిన్నవాడు ఆ మూడు శిఖరాలనూ లెక్కల నోట్‌బుక్కు వెనక పేజీలో గీసుకుని, పేర్లు బట్టీ పట్టి మరీ వచ్చాడు.

మేం వెళ్లేసరికి మేన్లిషెన్ వైపు రోప్‌వే నడవడం లేదు. సరే, రైలు ఏడాదంతా ఉంటుంది కదా, ఆ చివర నుంచి మొదలుపెడదామని క్లైన షైడెగ్ ఎక్కాం. అది 2,061 మీటర్ల ఎత్తు. స్టేషన్ దాటి పట్టుమని నూరడుగులు వేశామో లేదో బాట మంచు కిందకి వెళ్లిపోయింది. దారి చూపే పసుపు పచ్చ బోర్డు స్తంభం సగానికి మంచులో కూరుకుని ఉంది. చిన్నవాడు చూస్తానని ఒక అడుగు వేస్తే మోకాలు దాకా దిగిపోయింది. వాడి కాన్వాస్ బూటు లాగితే నీళ్లు కారాయి. ఏడవలేదు. "నాన్నా, ఇదెప్పుడు కరుగుతుంది?" అని అడిగాడు. ఇంకో నెల పడుతుందని వాడికి చెప్పడం నాకు చాలా కష్టమైంది.

కారణం చాలా మామూలుది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే వేడి ఆరు డిగ్రీల పైచిలుకు తగ్గుతుంది. చలికాలమంతా పేరుకున్న మంచు అక్కడ 1,800, 2,000 మీటర్ల పైన జూన్ మధ్య దాకా ఉండిపోవడం మామూలే. దానికి తోడు ఏప్రిల్‌తో స్కీయింగ్ అయిపోతుంది, వేసవి సందడి జూన్‌లో మొదలవుతుంది. ఆ మధ్య వారాల్లోనే చాలా రోప్‌వేలను ఆపి మరమ్మతులు చేసుకుంటారు. ప్యాకేజీ వాళ్లకు దీనితో పని లేదు, ఎందుకంటే వాళ్లు వెళ్లే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ రైలు 3,454 మీటర్ల దాకా ఏడాది పొడుగునా నడుస్తుంది, మంచు చూపించి దించేస్తారు. చల్లగా ఉండటం వేరండీ, నడవడానికి దారి తెరిచి ఉండటం వేరు. ఊరు ఎంచుకునేటప్పుడు అక్కడి ఉష్ణోగ్రతతో పాటు ఆ బాట ఎంత ఎత్తులో ఉందో, ఏ తారీఖున తెరుస్తారో తప్పకుండా చూడండి.

అయితే మా ప్రయాణం పాడైపోలేదు. లోయలోకి దిగాక బతికిపోయాం. మేం ఉన్నది లాటర్‌బ్రున్నెన్‌లో, సుమారు 800 మీటర్ల ఎత్తు. మేలో లోయంతా పచ్చిక, పసుపు పూలు. పైన మంచు కరిగే నెల కాబట్టి రెండు వైపులా కొండ అంచుల నుంచి జలపాతాలు నిండుగా దూకుతుంటాయి. ఊరి పక్కనే ఉన్న స్టౌబాక్ దాదాపు 300 మీటర్లు. ఊరి నుంచి లోయ చివర స్టెచెల్‌బర్గ్ దాకా చదునైన బాట, పిల్లలతో రెండు గంటలు. మధ్యలో ట్రుమ్మెల్‌బాక్ వస్తుంది. అది కొండ లోపల, రాతిని తొలుచుకుంటూ పడే పది జలపాతాల వరస. నేను చెప్పిన ఆ మూడు శిఖరాల హిమానీనదాల నీళ్లు దాంట్లోంచి దిగుతాయి, సెకనుకు 20,000 లీటర్ల దాకా. లోపల మెట్లెక్కుతూ ఇనుప కమ్మీ మీద చెయ్యి వేస్తే కమ్మీ సన్నగా వణుకుతోంది. చిన్నవాడు రెండు చేతులూ దాని మీద పెట్టి చాలాసేపు కదల్లేదు. "వాళ్లు ముగ్గురూ ఇందులో ఉన్నారు కదా" అన్నాడు. వాడి శిఖరాలు వాడికి అలా దొరికాయి.

మరో రోజు బ్రియెంజ్ సరస్సు ఒడ్డున గీస్‌బాక్ నుంచి ఇసెల్ట్‌వాల్డ్ దాకా అడవిలో నడిచాం, చాలా బాగుంది. రాత్రి తొమ్మిది దాకా వెలుగు ఉంటుంది, కాబట్టి తొందర లేదు. తల్లో తండ్రో స్విస్ ట్రావెల్ పాస్ కొంటే 16 ఏళ్లలోపు పిల్లలకు ఫ్యామిలీ కార్డు మీద రైళ్లూ పడవలూ ఉచితం. మీ ఇద్దరు పిల్లలకూ ఇది వర్తిస్తుంది. తిండి మాత్రం బయట తింటే చేతులు కాలతాయి. వంటగది ఉన్న ఇల్లు తీసుకోండి. ఆవకాయ, కందిపొడి సంచిలో పెట్టుకోండి గానీ నెయ్యి, పాలకోవా వద్దు, పాలతో చేసినవేవీ మన దగ్గర నుంచి తీసుకెళ్లకూడదు.

ఇక స్విట్జర్లాండ్‌కు కావలసిన షెంగెన్ వీసా సంగతి. పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45. అంటే మీ అమ్మాయికి పెద్దవాళ్ల రుసుమే పడుతుంది. అబ్బాయికి వేలిముద్రలు అక్కర్లేదు, అమ్మాయికి కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మనవాళ్లందరూ మే నెలకే బయల్దేరతారు కాబట్టి మార్చి దాకా ఆగకండి, అపాయింట్‌మెంట్లు దొరకవు. 30,000 యూరోలకు తగ్గకుండా ప్రయాణ బీమా ఉండాలి.

న్యూజిలాండ్ మేలో వద్దనే చెబుతాను. అక్కడ అప్పుడు చలికాలం దగ్గరపడుతుంటుంది. పేరున్న పెద్ద నడకదారుల సీజన్ ఏప్రిల్ చివరికే అయిపోతుంది. క్వీన్స్‌టౌన్‌లో మే మధ్యలో తెల్లవారేది ఎనిమిదింటికి, సాయంత్రం ఐదున్నరకే చీకటి. అంత దూరం ఎగిరి వెళ్లి పిల్లలను మళ్లీ గదిలో కూర్చోబెట్టినట్టు అవుతుంది. మీవారితో డిసెంబరు సెలవుల్లో వెళ్దామని చెప్పండి, అప్పుడు అక్కడ వేసవి.

జపాన్ నేను చూడలేదు. చూసినవాళ్లు రాయాలి.


వేళచ్చేరి టీచరమ్మ

నేను చూశాను. బడిలో పనిచేస్తాను కాబట్టి నాకూ మే తప్ప వేరే నెల లేదు. పదకొండేళ్ల కవల ఆడపిల్లలతో వెళ్లాం. కోడలు గారూ, మీ అమ్మాయి మాటే వినండి, కాకపోతే టోక్యోలో ఒక్క రాత్రికి మించి ఉండకండి.

ముందు తారీఖులు. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా వాళ్లకు వరస సెలవులు, గోల్డెన్ వీక్ అంటారు, ఆ వారం రైళ్లలో, సత్రాల్లో చోటుండదు. జూన్ మొదట్లో వానాకాలం మొదలవుతుంది. ఆ రెంటి మధ్య మే నెల మధ్య రోజులు నడిచేవాళ్ల కోసమే ఉన్నట్టుంటాయి.

మేం మొదట కిసో లోయకు వెళ్లాం. పాతకాలంలో ఎడో అనే ఊరి నుంచి, అంటే ఇప్పటి టోక్యో నుంచి, క్యోటోకు కొండల మధ్యగా నకసెండో అనే దారి ఉండేది, మజిలీకి ఒక ఊరు చొప్పున 69 ఊళ్లు. అందులో మగోమె, త్సుమగో అనే రెండు ఊళ్ల మధ్య 8 కిలోమీటర్లు ఇప్పటికీ నడవొచ్చు, మూడు గంటలు పడుతుంది. మగోమె నుంచి బయల్దేరండి, అటు నుంచి ఎక్కుడు తక్కువ. పొద్దున్నే మగోమెలో సమాచార కేంద్రంలో పెట్టెలు ఇచ్చేస్తే మధ్యాహ్నానికి త్సుమగో చేరుస్తారు, మీరు నీళ్ల సీసాతో నడిస్తే చాలు.

దారిలో అక్కడక్కడా గుంజలకు ఇత్తడి గంటలు కట్టి ఉంటాయి. ఎలుగుబంట్లకు మనుషులు వస్తున్నట్టు తెలియడానికి అవి మోగించుకుంటూ పోవాలి. గుడి గంట కొట్టినట్టు మా పిల్లలు వంతులు వేసుకుని కొట్టారు. పెద్దది రెండు చేతులతో తాడు లాగితే ఆ మోత దేవదారు చెట్ల మధ్య నుంచి లోయలోకి పోయి, కాసేపటికి ఇంకెక్కడో ముందు నడుస్తున్నవాళ్లు తమ గంట కొట్టారు. ఇద్దరూ ఆగి చెవులు రిక్కించి విన్నారు. సగం దారిలో ఒక పాత చెక్క ఇంట్లో పొయ్యి మీద నీళ్లు కాచి వచ్చేపోయేవాళ్లకు టీ ఇస్తారు, డబ్బు అడగరు. మనూళ్లో వేసవిలో చలివేంద్రం పెట్టినట్టే. నాకు అక్కడ కూర్చుంటే మా నెల్లూరు గుర్తొచ్చింది.

కిసోలో పగలు 20 దాటుతుంది, మీరడిగినంత చల్లగా ఉండదు. అసలు చల్లదనం కమికోచిలో. మత్సుమోతో ఊరి నుంచి రైలు, తర్వాత బస్సు. 1,500 మీటర్ల ఎత్తున నది పక్కన పొడుగాటి లోయ. సొంత కార్లను లోపలికి రానివ్వరు, కొడైలో మీరు పడ్డ బాధ అక్కడ ఉండదు. ఏప్రిల్ రెండో సగంలో తెరుస్తారు, నవంబరు 15న మూసేస్తారు. ఇక్కడే అడయారు వారు చెప్పిన సంగతి కుదిరింది: చుట్టూ 3,000 మీటర్ల శిఖరాల మీద మంచు ఉంటుంది, మీరు నడిచే బాట మాత్రం నది ఒడ్డున చదునుగా, పొడిగా ఉంటుంది. కప్పా వంతెన నుంచి మ్యోజిన్ చెరువు దాకా ఒక ఒడ్డున వెళ్లి ఇంకో ఒడ్డున రావచ్చు, రెండున్నర గంటలు. కోతులు తల్లీపిల్లలతో మన పక్కనుంచే నడిచి పోతాయి, చేతిలోది లాక్కోవు. ఎవరూ వాటికి తిండి పెట్టకపోవడం వల్లనేనేమో. నదిలో చెయ్యి పెట్టి ఎవరు ఎక్కువసేపు ఉంచుతారో అని పందెం వేస్తే మా చిన్నది ఇరవై లెక్కపెట్టేలోపు తీసేసింది, వేళ్లు గులాబీ రంగుకి వచ్చేశాయి. రాత్రి 5 డిగ్రీలకు దిగుతుంది, మంచి స్వెటర్లు కావాలి.

తిండి కష్టం, దాచను. కూరగాయల పులుసనుకుని తాగితే అందులో దాషి ఉంటుంది, అంటే ఎండు చేప కాచిన నీళ్లు. నూడుల్స్, సాస్ అన్నిట్లోనూ అదే. మన రైస్ కుక్కర్, కెటిల్ తీసుకెళ్లినా సరిగ్గా వేడెక్కవు, వాళ్లది 100 వోల్టుల కరెంటు. మేం చేసింది ఇది: దుకాణాల్లో ఉత్తి అన్నం ప్యాకెట్లు దొరుకుతాయి, అక్కడే వేడి చేసి ఇస్తారు. ఇంటి దగ్గర పులిహోర గుజ్జు బాగా నూనె తేలేలా కాచి రెండు సీసాలు కట్టుకున్నాను. నది ఒడ్డున బల్ల మీద కూర్చుని వేడన్నంలో కలిపి నలుగురం తిన్నాం. ఉడికించిన గుడ్లు ప్రతి దుకాణంలో ఉంటాయి, మీకు ఇంకా తేలిక.


పెరంబూరు రైల్వే

బడ్జెట్ గట్టిగా పట్టుకోవాలంటే కజకిస్తాన్‌లోని అల్మాటీ కూడా చూడండి. 2022 నుంచి మనకు 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఢిల్లీ నుంచి నాలుగు గంటల లోపే. టైము మనకన్నా అరగంట వెనక, అంతే.

మేం మే మూడో వారంలో వెళ్లాం. సిటీ బస్సులోనే కొండల్లో ఉన్న మెదేవు అనే చోటి దాకా, 1,691 మీటర్ల ఎత్తు, అక్కడ నుంచి మెట్లూ రోప్‌వే రెండూ ఉన్నాయి. మూడు వందల కిలోమీటర్ల దూరాన సాతీ అనే పల్లెలో రెండు రాత్రులు ఒక ఇంట్లో దిగి కోల్‌సాయ్, కైందీ సరస్సులు చూశాం. కైందీ 1911 భూకంపంలో కొండ విరిగిపడి వాగుకు అడ్డం పడటంతో ఏర్పడింది. అప్పుడు మునిగిన చెట్ల మొద్దులు ఇప్పటికీ నీళ్లలోంచి స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. మా అబ్బాయి వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి డెబ్బై దగ్గర ఆపాడు.

బాటలు చక్కగా గుర్తులు పెట్టి ఉండవు, జీపు ప్రయాణాలు ఎక్కువ, మేలో వానలూ పడతాయి. గుర్రపు మాంసం తినే దేశం కాబట్టి శాకాహారం ప్రతిచోటా అడిగి తినాలి. రొట్టె, టమాటా, కీరా, గుడ్లతో గడిచిపోతుంది. నడక మొదటి కోరిక అయితే కిసో, కమికోచి మంచివి. ఖర్చు మొదటి లెక్క అయితే ఇది.


కొళత్తూరు కోడలు

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి భోజనాలయ్యాక అన్నీ పైకి చదివాను. లెక్కల నోట్‌బుక్కు దగ్గర మావాడు ఇంకోసారి చదవమన్నాడు. మావారు న్యూజిలాండ్ వదిలేశారు.

జపాన్ అనుకుంటున్నాం. మే 10 తర్వాత బయల్దేరి, త్సుమగోలో రెండు రాత్రులు, మత్సుమోతోలో నాలుగు, అక్కడి నుంచే కమికోచికి రెండు రోజులు వెళ్లి వచ్చేలా. రెండు సందేహాలు. వాన పడితే ఏం చెయ్యాలి? పిల్లల బూట్లు ఎప్పుడు కొనాలి? కాళ్లు ఇట్టే పెరిగిపోతున్నాయి.


అడయారు నాన్న

మంచి నిర్ణయం. మత్సుమోతోలో నాలుగు రాత్రులు ఉండటం వల్లనే వానకు జవాబు దొరికింది. కమికోచికి తారీఖు ముందే ఖాయం చేసుకోకండి, రెండు రోజులు ఖాళీగా ఉంచి, ముందు రోజు సాయంత్రం వాతావరణం చూసి వెళ్లండి. గొడుగులు కాదు, ప్యాంటుతో సహా రెయిన్‌కోట్లు కొనండి. కొండల్లో తడిసిన జీన్స్ ప్యాంటు ఆరదు, ఆ చలికి పిల్లలు వణికిపోతారు.

బూట్లు మార్చి చివర్లో, సాయంత్రం పూట, మందం మేజోళ్లు తొడిగించి కొనండి. ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. కొత్త బూట్లు విమానంలో మొదటిసారి వేయించకండి. ఏప్రిల్‌లో ఎండ ముదరకముందే ఒక తెల్లవారుజామున నాగలాపురం తీసుకెళ్లి రాళ్ల మీద మూడు గంటలు నడిపించండి. దిగేటప్పుడు గోళ్లు ముందుకు తగులుతున్నాయేమో అడగండి. తగిలితే ఒక సైజు పైది మార్చుకోవడానికి అప్పటికి ఇంకా సమయం ఉంటుంది.


వేళచ్చేరి టీచరమ్మ

పులిహోర గుజ్జు సీసాలు చేతి సంచిలో పెట్టకండి, విమానంలోకి రానివ్వరు. పెద్ద పెట్టెలో, రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, మధ్యలో బట్టలు కూరి పెట్టండి. త్సుమగోలో సత్రాలు తక్కువ, ముందు అవి పట్టుకోండి, ఆ తర్వాతే టికెట్లు. గుజ్జు కొలత కావాలంటే చెప్పండి, రాసి పెడతాను.


కొళత్తూరు కోడలు

కావాలండీ, నలుగురికి పది రోజులకు.